పైకొస్తే తల తిరుగుతాది

"నీకు పైకొచ్చినప్పుడే కదే తల తిరుగుతాది? అలగైతే పైకి రాకుండా ఉండిపో," అన్నాడు జాక్సన్, పెరట్లో కుర్చీ వేసుకుని పేపరు విప్పుకుంటూ.

అని, ముందు తనే నవ్వాడు. ఆ ఇంట్లో జోకు వేసేదీ జాక్సనే, నవ్వేదీ జాక్సనే. ఆ తర్వాత టీ గ్లాసు కడిగేది మాత్రం గ్రేసీ. ఎవరి శాఖ వారిది.

గ్రేసీ పంపు దగ్గర పీట మీద కూర్చుని కవళ్ళు తోముతోంది. కవళ్ళు చవక చేపలు. ఆ చవకంతా కొన్నవాడిది, చాకిరీ అంతా కడిగేదానిది. వేలెడంత చేపకి పొలుసు గీకాలి, తల తుంచాలి, పొట్ట చీల్చాలి, మళ్ళీ ఇంకో చేప. భర్త చెప్పిన మాటకి జవాబు ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అలవాటు ప్రకారం వెనక్కి వెళ్ళిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె మింగిన చేపముళ్ళ కంటే మింగిన జవాబులే ఎక్కువ. ముల్లయితే అన్నం ముద్దతో దిగుతుంది. జవాబు దిగదు.

వన్ టౌన్‌లో వాళ్ళ సందు ఎంత ఇరుకంటే, ఎదురింట్లో తుమ్మితే ఈ ఇంట్లోవాళ్ళు నూరేళ్ళని దీవించాలి. కాబట్టి జాక్సన్ జోకు ఎదురింటికి కూడా వినిపించింది. జాక్సన్ పోర్టులో గుమాస్తా. పనిచేసేది ఓడల మధ్యేగానీ పెళ్ళాం ముందు మాటల్లో ఓడటం ఎరగని మనిషి. వాళ్ళమ్మ పుష్పకుమారి, పేరులో పువ్వు, మాటలో ముల్లు. రెండూ ఒకే కొమ్మకి రావడం గులాబీ జాతిలో మామూలే.

"సముద్రంలోకి సేపలు దిగుతాయే, మనుసులు దిగరు," అంది పుష్పకుమారి లోపలి నుంచి. "ఆ నల్ల తొడుగేటి, సైకిల్ ట్యూబులాగ ఒళ్ళంతా అతుక్కుపోయి. పాస్టరమ్మ సూస్తే ఏటనుకుంటాది?"

పాస్టరమ్మ అప్పటికే చూసింది. చూసి, అది ఎక్కడ దొరుకుతుందని అడిగింది. ఆ జవాబు కూడా గ్రేసీ మింగింది.

అసలు గ్రేసీ నీళ్ళలో పుట్టకపోయినా నీళ్ళ పక్కనే పెరిగింది. తండ్రి యేసుదానం హార్బర్‌లో ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేసేవాడు. మాట రాకముందే కూతురికి ఈత నేర్పాడని చుట్టాల్లో ఒక కోత ఉంది. పెళ్ళయ్యాక ఆ ఈత కాస్తా ఈతిబాధల్లో కలిసిపోయింది. తన కూతురు నర్సింగ్ చదువుకని హాస్టల్‌కి వెళ్ళిపోయాకగానీ ఆమె మళ్ళీ నీళ్ళ ముఖం చూడలేదు. పొద్దున్నే ఒక క్లబ్బు కొలనులో ఆడపిల్లలకి ఈత నేర్పడం మొదలుపెట్టింది. క్లబ్బువాళ్ళు ఆమెను 'గౌరవ కోచ్' అన్నారు. గౌరవమంతా పేరులోనే ఇచ్చేశారు గనక చేతిలో పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

ఆ కొలను గట్టు మీదే కృష్ణంరాజు ఆమెను చూశాడు. నేవీలో డైవరుగా చేసి రిటైరైన మనిషి. రుషికొండ తీరంలో కొత్తగా డైవింగ్ స్కూలు పెట్టాడు. కాలేజీ ఆడపిల్లలు బస్సులేసుకుని వస్తున్నారు. వాళ్ళ వెంట వచ్చిన తల్లులు, ఇక్కడ నేర్పేవాళ్ళంతా మగాళ్ళేనా అని అడిగి అదే బస్సులో వెనక్కి తీసుకుపోతున్నారు. "గ్రేసీ గారూ, శిక్షణ ఖర్చు నాది. సముద్రంలో డైవ్‌లన్నీ సవ్యంగా పూర్తిచేస్తే ఆడపిల్లల బ్యాచ్ మీది. జీతమూ మీదే," అన్నాడాయన. జీతం అనే మాటని, తన పేరుని ఒకే వాక్యంలో వినడం గ్రేసీకి అదే మొదటిసారి. గౌరవం కంటే అదే ఎక్కువ గౌరవంగా అనిపించింది.

ఇంట్లో మొదట ఎవరూ కాదనలేదు. జాక్సన్ అయితే సందంతా చెప్పుకున్నాడు. "మా ఆవిడ డైవరండీ. నాను స్కూటరు నడుపుతాను, ఆవిడ సముద్రం నడుపుతాది." ఆడదాన్ని మునగచెట్టు ఎక్కించేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. మునగనిచ్చేవాళ్ళే కరువు.

అలా మొదలైంది. ఆమెతోపాటు శిక్షణకి సత్యం అనే కుర్రాడు వచ్చేవాడు. ఉద్యోగం ఉక్కు ఫ్యాక్టరీలో, నీళ్ళలో మాత్రం ఉక్కిరిబిక్కిరి. కమ్మరి కొలిమి తిత్తిలాగ బుస్సుమని పీల్చి, బుస్సుమని వదిలి, పైకొచ్చేసరికి సిలిండరు అడుగంటించేవాడు. గ్రేసీ సిలిండరులో ఇంకా బోలెడు గాలి ఉండేది. కృష్ణంరాజు రెండు సిలిండర్ల గాలి మీటరు ముళ్ళూ పక్కపక్కన పెట్టి చూపించి, "గాలి ఎలా వాడాలో ఆవిణ్ణి చూసి నేర్చుకోవయ్యా," అన్నాడు.

గ్రేసీ ఛాతీ పొంగింది. వంటింట్లో గ్యాస్ బండ వాడకంలో ఆమెకి ఆ సందులోనే పేరుంది. పప్పు ముప్పాతిక ఉడకగానే పొయ్యి కట్టేసి, మిగతా పాతిక దాని వేడికి దాన్నే ఉడకమంటుంది. మంట ఎప్పుడూ చిటికెన వేలి గోరంత. జాక్సన్ చుట్టాలందరికీ చెప్పుకునే ఒకే ఒక్క గొప్ప, తన ఇంట్లో బండ ఎన్నాళ్ళొస్తుందో. ఇప్పుడు నీళ్ళలో ఇంకో బండ వీపున కట్టారు. చెయ్యి తిరిగిన పనే కదా అనుకుంది. తర్వాతి డైవ్‌లో ఇంకాస్త తక్కువ వాడింది. ఆ తర్వాత ఇంకాస్త.

తలనొప్పి అప్పటినుంచే. కింద ఉన్నంతసేపూ బాగానే ఉండేది. పైకి రావడం మొదలుపెట్టగానే నుదుటి వెనక ఎవరో తాడు బిగిస్తున్నట్టు, ఆ తాడు పట్టుకుని తలని బొంగరంలా తిప్పుతున్నట్టు. పైన వెలుతురు ఏ పక్కనుందో కాసేపు తెలిసేది కాదు. పడవ అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంటే, పడవ నడిపే దుర్గారావు జాలిపడేవాడు. "ఏటి గ్రేసమ్మా, నీరు దిగినోలికి కైపెక్కడం ఇప్పుడే సూత్తన్నాను. మా ఓలికి వేరే సరుకు తాగితేగానీ ఎక్కదు."

నవ్వొచ్చేది. నవ్వితే తల ఇంకా నొప్పెట్టేది.

ఇంట్లో ఆ మాట బయటపడేసరికి గాలి తిరిగింది. సముద్రం నడిపే పెళ్ళాం పోయి, తల తిరిగే పెళ్ళాం మిగిలింది. "పైకొచ్చే కొద్దీ తల తిరగడం లోకంలో ఉన్నదేలే," అన్నాడు జాక్సన్ ఒక రోజు. "వయసేటి, ఈ వేషాలేటి," అంది పుష్పకుమారి ఇంకో రోజు. గోపాలపట్నం నుంచి ఆడపడుచు ఫోన్ చేసి, రక్తం తక్కువేమో, బీట్‌రూట్ తినమంది. తినమన్నదేగానీ, తరిగిపెట్టేది ఎవరో చెప్పలేదు.

చెవి ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్తే వెంట జాక్సన్ వచ్చాడు. డాక్టరు గ్రేసీ చెవుల్లోకి చూసి, ముక్కులోకి చూసి, మాట మాత్రం జాక్సన్‌తో చెప్పాడు. "అన్నీ శుభ్రంగా ఉన్నాయండీ. ఇంట్లో ఏమైనా టెన్షన్లా?"

"టెన్షనేటండీ, మహారాణిలా ఉంటాది," అన్నాడు జాక్సన్.

తన చెవుల గురించి తను వినాల్సిన మాట, తన రెండు చెవుల మీదుగా ఎగిరి పక్క కుర్చీలో వాలడం గ్రేసీ చూసింది. డాక్టరు ఇచ్చిన బిళ్ళ వేసుకుంది. తలనొప్పికి అది తెలియలేదు.

ఆ తర్వాతి డైవ్‌లో మళ్ళీ అదే జరిగింది. కృష్ణంరాజు ఆమెను ఒడ్డు మీద కూర్చోబెట్టి సూటిగా చెప్పాడు. "శనివారం ఆఖరి డైవ్. ఆ రోజు కూడా పైకొచ్చేటప్పుడు తల తిరిగితే, నేను మిమ్మల్ని తీసుకోలేను. మీ వెనక ఆడపిల్లలు దిగుతారు. మీకే పైనేదో కిందేదో తెలియకపోతే వాళ్ళని ఎవరు చూస్తారు? కొందరి ఒంటికి పడదు. మీ తప్పు కాదు."

అది నిజం. అందుకే ఎక్కువ బాధేసింది. అన్యాయమైతే దానితో పోట్లాడవచ్చు, న్యాయంగా ఉన్నదానితో ఏం పోట్లాడుతుంది? నీళ్ళు నమలడం ఆమెకి ఇంట్లో అలవాటే, ఇక్కడ నీళ్ళలో గాలి గొట్టం రబ్బరు నమలడం కూడా అలవాటైంది. ఆ రబ్బరు ముక్క నోట్లో ఉన్నంతసేపూ ఎవరూ ఆమెను ఏమీ అడగరు, ఎవరికీ ఆమె ఏమీ చెప్పక్కర్లేదు. చుట్టూ పచ్చటి చప్పుడు, తన ఒళ్ళు తనకే బరువు లేకుండా తేలడం. ఆ ఒక్క చోటు పోతుందా? పోతే, మళ్ళీ గౌరవ కోచ్, గౌరవ వంటమనిషి, గౌరవ కోడలు. ఒక మనిషి ఎంత గౌరవమని మోయగలదు?

శుక్రవారం సాయంత్రం గ్రేసీ వంటింట్లో చేపల పులుసు కలుపుతోంది. గుమ్మం ముందు జాక్సన్ స్కూటరు ఆగింది. రోజూ ఆగేదే. కానీ ఆ రోజు ఎందుకో ఆమెకి తన ఛాతీ మీద ధ్యాస పడింది. స్కూటరు చప్పుడు వినపడగానే లోపలికి పోతున్న ఊపిరి సగంలో ఆగిపోయింది. ఆయన చెప్పులు విప్పి, ఏ మూడ్‌లో ఉన్నాడో గొంతు తెలిసేదాకా ఆగే ఉంది. "టీ," అన్నాడు. మామూలు గొంతే. ఊపిరి కదిలింది. గ్రేసీ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇంతలో అత్తగారు "గ్రేసీ" అని పిలిచింది. ఊపిరి మళ్ళీ గుమ్మంలో ఆగింది, కొత్తకోడలిలాగ, లోపలికి రమ్మంటారో లేదోనని. పిలిచింది కళ్ళజోడు కోసమే అని తెలిశాక మెల్లగా లోపలికి వచ్చింది. ఆమె టీ ఇచ్చింది, కళ్ళజోడు ఇచ్చింది, వచ్చి పొయ్యి ముందు నిలబడి తనని తను గమనించడం మొదలుపెట్టింది. ఫోన్ మోగితే ఆగుతోంది. పులుసు రుచి చూసి జాక్సన్ నోరు విప్పేదాకా ఆగుతోంది. జవాబు మింగినప్పుడల్లా దాంతోపాటు గుటకేసినట్టు ఆగుతోంది. నిండా పీల్చి నిండా వదిలిన ఊపిరి ఈ ఇంట్లో తను ఎప్పుడు తీసుకుందో గుర్తు చేసుకుందామంటే గుర్తు రాలేదు. చిన్నచిన్న గుక్కలు, వాటి మధ్య పెద్దపెద్ద ఆగుడులు. ఎవరికీ వినపడకుండా, ఎవరికీ అడ్డం రాకుండా, మంట చిటికెన వేలి గోరంత. ఈ పొదుపు ఎవరూ నేర్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. అడగకుండానే ఇచ్చేయడం అలవాటైన మనిషి ఊపిరి దగ్గర మాత్రం ఎందుకు ఆగుతుంది? పడుకునే వేళకి నుదుటి వెనక అదే తాడు. సముద్రంలో బిగిసిన తాడే, అదే ముడి.

గ్రేసీ చీకట్లో నవ్వింది. నీళ్ళు ఆమెకి పడకపోవడమేమిటి? ఇంట్లో ఉన్నట్టే నీళ్ళలోనూ ఉంటోంది, అంతే. ఒడ్డున ఉంటే చుట్టూ ఉన్న గాలి ఎలాగో క్షమించి నెట్టుకొస్తోంది. నీళ్ళు ముక్కుసూటి మనుషుల్లాంటివి, ముఖం మీదే చెప్పేస్తాయి.

శనివారం పొద్దున్న పడవలో, తను ఊపిరి ఎలా పీలుస్తోందో కృష్ణంరాజుకి చెప్పేసింది. ఆయన ముఖం ఎర్రబడింది. "ఊపిరి ఆపొద్దని మొదటిరోజే చెప్పానా లేదా?"

"చెప్పారు. ఆపలేదండీ, పొదుపు చేశాను. మీరు మెచ్చుకున్నారు కూడా."

ఆయన ఆమె సిలిండరు ముల్లు వైపు చూశాడు. "మెచ్చుకున్నాను," అన్నాడు చివరికి. "ముల్లు చూశానుగానీ మనిషిని చూడలేదు. వినండి. గుక్కలు గుక్కలుగా పీలిస్తే, పోవాల్సిన చెడుగాలి లోపలే పేరుకుంటుంది. మీ తలనొప్పి అదే. అది చిన్న విషయం. పైకొచ్చేటప్పుడు లోపలి గాలి ఉబ్బుతుంది. అప్పుడు బిగబట్టారంటే ఊపిరితిత్తి చిరుగుతుంది. తలనొప్పితో పోయిందని సంతోషించండి. ఇవాళ దిగొద్దు."

"ఇవాళ దిగకపోతే నేను అనుకున్నది నిజమో కాదో ఎలా తెలుస్తుంది?"

"నిజం కాకపోతే?"

"మీరన్నట్టే ఇంటికి పోతాను. కానీ నిజమో కాదో తెలిశాకే పోతాను."

ఆ గొంతు ఎక్కడిదో గ్రేసీకే తెలియలేదు. దుర్గారావు ఇంజన్ ఆపేసి ఇటు తిరిగాడు. "దింపీ రాజుగారూ. ఆ యమ్మ ఒట్టినే ఒప్పుకునే రకం కాదిప్పుడు," అన్నాడు.

కృష్ణంరాజు షరతులు పెట్టాడు. ఎక్కువ లోతుకి వెళ్ళకూడదు. చేతికందే దూరంలో తనుంటాడు. చేత్తో లోపలికి, బయటికి అని చూపిస్తుంటే అలాగే పీల్చి వదలాలి. పైకొచ్చేటప్పుడు ఆమె వదిలిన బుడగల్లో చిన్నదాని కంటే కూడా నెమ్మదిగా రావాలి. గ్రేసీ అన్నిటికీ తలూపింది.

దిగింది. మొదటి ఊపిరికే లోపల ఎవరో 'చాలు చాలు' అన్నారు. అత్తగారి గొంతు కాదు, జాక్సన్ గొంతూ కాదు, అచ్చం తన గొంతే. పొయ్యి కట్టేయ్, బండ రేపటికి ఉండాలి, నీకింత ఎందుకు? గ్రేసీ ఆ గొంతుని చివరిదాకా మాట్లాడనిచ్చింది. మాట్లాడుతుండగానే నిండా పీల్చింది. ఇంకా పట్టేదాకా, పక్కటెముకల వెనక తనకి తెలియని గదులేవో తలుపులు తెరుచుకునేదాకా. తర్వాత వదిలింది. బుడగలు గుత్తులు గుత్తులుగా గలగలమంటూ వెళ్ళాయి. ఎంత చప్పుడు. తన ఊపిరికి ఇంత చప్పుడుంటుందని ఇన్నేళ్ళూ తెలియదు. దూరంగా రాతి మీద నుంచి చారల చేప ఒకటి ఆ చప్పుడుకి తిరిగి చూసి, అభ్యంతరమేమీ లేనట్టు తన పని తను చూసుకుంది. గ్రేసీ మళ్ళీ పీల్చింది. దుబారా చేసింది. పుట్టింటి సొమ్ములాగ ఖర్చుపెట్టింది.

కృష్ణంరాజు బొటనవేలు పైకి చూపించాడు. పైకి పదమని.

ఇక్కడే. ఎప్పుడూ ఇక్కడే. మెల్లగా కాళ్ళు కదిపింది. పీల్చింది, వదిలింది. చిన్న బుడగని ముందు వెళ్ళనిచ్చి, దాని వెనక వెళ్ళింది. తలనొప్పి కోసం ఎదురుచూసింది, ఆదివారం భోజనానికి వస్తానన్న ఆడపడుచు కోసం చూసినట్టు, ఇష్టం లేకపోయినా చెవులు రిక్కించి. పచ్చదనం పలచబడింది. పైన వెలుతురు పైనే ఉంది, ఎటూ తిరగలేదు. పీల్చింది, వదిలింది. తల నీళ్ళని చీల్చుకుని బయటికొచ్చింది. ఎండ ముఖాన పడింది. ఆడపడుచు రాలేదు.

"ఏటి గ్రేసమ్మా, తలకాయ ఉందా నేదా?" అడిగాడు దుర్గారావు చెయ్యందిస్తూ.

"ఉంది. ఉన్నట్టు తెలియట్లేదు," అంది గ్రేసీ.

పడవలో ఉన్న సత్యం ఆమె సిలిండరు ముల్లు చూసి ఆశ్చర్యపోయాడు. "అదేటక్కా, మీరూ నాలాగే మొత్తం తాగేశారా?"

కృష్ణంరాజు కూడా చూశాడు. ఈసారి ముల్లు వదిలేసి ఆమె కళ్ళలోకి చూశాడు. వేలు అటూ ఇటూ తిప్పి చూపు దానివెంట తిరుగుతోందో లేదో చూశాడు. ఒంటికాలి మీద నిలబడమన్నాడు. ఊగుతున్న పడవలో ఆయన తడబడ్డాడుగానీ ఆమె తడబడలేదు. "మరో రెండు డైవ్‌లు నా కళ్ళముందు ఇలాగే చెయ్యాలి," అన్నాడు. "చేస్తారు. ఆడపిల్లల బ్యాచ్ సోమవారం కొలనులో మొదలు. మొదటి పాఠం మీరే చెప్పండి. ఊపిరి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఉప్పు ఎండిన జుట్టుతో, గ్రేసీ దారంతా ఊపిరి పీల్చుకుంటూనే వచ్చింది. పక్కసీటు ఆవిడ ఆయాసమా అని అడిగింది. హాయి అని చెప్పింది.

ఇంటికొచ్చేసరికి సందు గుమ్మంలో చెప్పులు బారులు తీరి ఉన్నాయి. చర్చివాళ్ళు వారానికో ఇంట్లో పెట్టుకునే శనివారం కుటుంబ ప్రార్థన ఈసారి వాళ్ళింట్లో. అరుగు మీద చాప పరిచారు, పాస్టరమ్మ వచ్చేసింది. ప్రార్థన అయ్యాక అందరికీ ఉప్మా, టీ. రవ్వ వేయించి పెట్టుకునే వేళ ఎప్పుడో దాటిపోయింది.

గ్రేసీ ముందుగదిలో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఆమె కూర్చోగా ఎవరూ చూసినట్టు లేరు. కుర్చీ కూడా కాస్త ఉలిక్కిపడి కిర్రుమంది.

జాక్సన్ గొంతు తగ్గించాడు. "ఏటయింది? మళ్ళీ తిరిగిందా? రాజుగారికి మానేత్తానని సెప్పేసేవా?"

"లేదు. సోమవారం నుంచి డ్యూటీ. జీతం కూడా."

జాక్సన్ జోకు కోసం జేబులు తడుముకున్నాడు. తల్లి వైపు చూశాడు. పుష్పకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి కోడల్ని ఎగాదిగా చూసింది. ముఖంలో కోపం కంటే కంగారే ఎక్కువుంది. ఈ వేళప్పుడు కూర్చున్న కోడలిని ఎలా లేపాలో తెలియాల్సిన అవసరం ఆమెకి ఎప్పుడూ పడలేదు. "తలనొప్పా అమ్మీ?" అంది చివరికి, ఉన్నంతలో మెత్తగా. "అలగైతే సెప్పు. ఎల్లి కాసేపు తొంగో. ఉప్మా సంగతి నాను సూత్తాను."

ఆ మాట అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఆడదానికి ఉన్న ఒకే ఒక్క సెలవు తలనొప్పి. ఆ సెలవు మీద అత్తగారు కూడా తన కాలంలో ఎన్నోసార్లు పడుకునే ఉంటుంది, తడిగుడ్డ నుదుటికి కట్టుకుని, గోడ వైపు తిరిగి. అవునంటే చాలు. తలుపు దగ్గరగా వేస్తారు, అమృతాంజనం తెస్తారు, ఎవరూ ఏమీ అనరు. అందరూ ఎదురుచూస్తున్నారు. జాక్సన్ అయితే దాదాపు బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. గ్రేసీ నిండా ఊపిరి పీల్చుకుంది, అందరికీ వినపడేంత.

"తలనొప్పి లేదత్తయ్యా. ఒంట్లో చాలా బాగుంది," అంది కుర్చీలో ఇంకాస్త వెనక్కి వాలి. "బాగుంది గనకే ఇవాళ వంట చెయ్యను."